అరమార్కు దిగ్విజయము

స్వస్తిశ్రీ! మూసీకి దక్షిణమున, యాకుత్‌పురా రైలుకూత వినిపించునంత దూరమున, పేడవాసనయు పరీక్షాజ్వరమును ఏకకాలమున వ్యాపించిన ఒకానొక నవంబరు ప్రభాతమున, బర్రెలకొట్టాధీశ్వరుడగు బీరయ్య కుమారుడును, డిగ్రీ ద్వితీయవత్సర విద్యార్థియు, సెల్‌ఫోన్‌పాణియు, స్వహస్తలేఖన పరాఙ్ముఖుడును అగు రవీందరుడు కాలేజీ రణరంగమునకు బయలువెడలెను. ఈ గాథ చెప్పుచున్న నేనే ఆ రవీందరుడను. పొగడుటకు వేరెవరును దొరకలేదు.

ఇంటర్నల్స్ గట్టెక్కుటకు ఎనిమిది మార్కులు కావలెను. మహావీరుని అమ్ములపొదిలో ఉన్నవి ఏడున్నర. ఆ అర దక్కనిచో ఫైనల్ పరీక్షకు ప్రవేశము లేదు. మిగిలినది ఒక్క అసైన్‌మెంటు: ‘మా ఇంటి పని’. పాలక్యాన్ల నడుమ పుట్టి పెరిగిన ఈ ధీరుడు తన ఇంటి పని యేమని ఏఐని అడిగెను. సిగ్గు లేదా అందురా? అప్పటికి లేదు. అది రెప్పపాటులో అయిదు పేజీల మహాప్రబంధమును ప్రసాదించెను. వీరుడు దానిని చదువకయే సమర్పించెను.

ఎర్రసిరా ఖడ్గధారిణియగు ఇంద్రజ మేడమ్ మూడవ పేజీయొద్ద ఆగెను.

“రవీందర్, పొద్దుగాల మీ బర్రెలకు వీణ వినిపిస్తరా?”

“లేదు మేడమ్. మా బాపు తిట్లే వింటయి.”

“మరి గిదేంది?”

“ఓ విధీ! సప్తసముద్రములు ఇంకినను బీరయ్య వంశము తలవంచునా!” అని వీరుడు మనసున గర్జించెను. నోట మాత్రము, “ఒక్క చాన్స్ ఇయ్యుండ్రి మేడమ్,” అని వచ్చెను.

“ఫోన్ గీడ పెట్టు. నువ్వు చేసిన పని ఒక్కటి రాయి. పది నిమిషాలు.”

కవచము ఊడిన యోధునివలె అతడు తెల్లకాగితమును ఎదుర్కొనెను. కలము ‘నేటి ఆధునిక సమాజంలో’ అని తనంతట తానే పరుగిడెను. అది తన మాట కాదని ఎరిగి తానే కొట్టివేసెను. ఈ గాథలో నిజమైన శౌర్యము ఇదొక్కటే. తొమ్మిదవ నిమిషమున ఇట్లు రాసెను:

“మా బాపు ఊరికి పోతే మా పెద్దబర్రె చేపదు. పాలు దాసుకుంటది. గప్పుడు నేను బాపు విడిచిన బనీను తొడుక్కొని పిండుత. వాసన చూసి, బాపే అనుకొని పాలిస్తది.”

మేడమ్ చదివి నవ్వెను. “ఎవరి బనీనో తొడుక్కొని నా ముంగట అయిదు పేజీలు పెట్టినవ్. నేను బర్రెను కాను బేటా.”

అయిదు పేజీలకు సున్న. నాలుగు మాటలకు అర మార్కు.

ఏడున్నర ఎనిమిదయ్యెను! దిక్కులు పిక్కటిల్లెను! విజయుడు ఇల్లు చేరి, పాలు పిండుచున్న తండ్రికి సమస్తము విన్నవించెను. బీరయ్య తల ఎత్తకయే, “గా అర మార్కు నా బనీనుదిరా,” అనెను.

సత్యము. అయినను రాసిన చేయి నాదే. జయము! జయము!