కిటికీల కొలతలు, కుర్చీల జీతాలు

ఆ రోజు పొద్దున టైలర్ ఇంట్లో పెద్ద పథకమేమీ లేదు. పత్రికాఫీసువాళ్లు తొమ్మిది కిటికీలకు కర్టెన్లు కుట్టమన్నారు, కూతురు వెళ్లి కొలతలు తెస్తుంది, అంతే. ఆ కూతుర్ని అందరూ ఎందుకమ్మ అనేవారు. మాటలొచ్చిన రోజు నుంచీ ఆ పిల్ల నోట "ఎందుకు" అన్నదే ముందు వచ్చేది మరి.

ఎందుకమ్మకు జర్నలిజం చదవాలని ప్రాణం. తండ్రికేమో గుబులు.

"ఒక కాలేజీ ఆరు లక్షలంటోంది, ఇంకోటి అరవై వేలంటోంది. చదివాక దేనికెంతొస్తుందో చెప్పేవాడు లేడు. సాయంత్రానికల్లా తేల్చు తల్లీ. లేదంటే అకౌంట్స్ కోర్సుకి దరఖాస్తు పెట్టేద్దాం, రేపటితో గడువైపోతుంది" అన్నాడాయన మిషన్ మీంచి తలెత్తకుండా.

"పత్రికాఫీసుకేగా వెళ్తున్నా, అక్కడే అడిగొస్తా నాన్నా."

"అడుగు. కొలతలు మాత్రం మర్చిపోకు."

మెడలో టేపు, చేతిలో కొలతల పుస్తకం, చెవి మీద పెన్సిలు. మొదటి కిటికీ కింద కళ్లజోడు విలేకరి కూర్చున్నాడు. అతని టేబులు అడ్డొస్తే దాన్నీ కొలిచింది. రాసుకుంటూనే, "మీరే కాలేజీలో చదివారండీ? ఫీజెంత? ఇప్పుడు జీతమెంత?" అంది.

కళ్లజోడు జారింది. "నిన్నెవరు పంపారమ్మా?"

"మా నాన్న. కొలతలు తీసుకుని, ఎవరికెంతొస్తుందో కనుక్కుని రమ్మన్నారు."

ఆ పత్రిక యజమానికి ఎక్కడో చదువుకునే కూతురు ఒకతె ఉందని అందరూ విన్నవాళ్లే గాని చూసినవాళ్లు లేరు. ఈ పిల్లే ఆ కూతురనుకున్నాడు కళ్లజోడు విలేకరి. "ఆరు లక్షల చదువమ్మా. ఇరవై ఎనిమిది వేలొస్తుంది. టేబులు ఇంకాస్త చిన్నదైనా నాకు చాలమ్మా!"

రెండో కిటికీకి ఆమె కన్నా ముందు పుకారు చేరింది. యజమాని కూతురట, గది సగం చేస్తారట, మనుషుల్ని కూడా సగం చేస్తారట. అక్కడి కుర్రవిలేకరి అడక్కముందే లేచాడు. "అరవై వేల కాలేజీ, ఇరవై ఎనిమిది వేలు. కుర్చీ తీసేసినా ఫరవాలేదు, నిలబడి రాస్తాను."

ఫొటోగ్రాఫర్ టీ తెచ్చాడు. ముగ్గురు రాజీనామాలు రాసుకుంటున్నారు. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. పిల్ల మాత్రం ఒక్క అబద్ధమాడలేదు, ఒక్కరి మాటా ఒక్కసారికే నమ్మలేదు. రెండుసార్లు కొలిచి గాని కత్తెర పట్టని ఇంట్లో పెరిగింది కదా, ప్రతి అంకెనూ పక్క కుర్చీలో సరిచూసుకుంది.

బెదరనిది వ్యాపార వార్తలు రాసే ఆవిడొక్కతే. "నాదీ అరవై వేల కాలేజీయే. అరవై వేలొస్తుంది. కంపెనీల లెక్కల కాయితాలు చదవడం ఇక్కడ నాకొక్కదానికే వచ్చు. తీసేస్తే తీసేయమను మీ నాన్నని!" అని నవ్వింది.

"మా నాన్న మిమ్మల్నెందుకు తీసేస్తారండీ?" అని పిల్ల తెల్లబోయింది.

తొమ్మిదో కిటికీ దగ్గర మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మాయి గారూ, నాన్నగారు నాకొక్క మాట చెప్పలేదే!" అని, తన జీతం తనే అప్పజెప్పాడు. సరిగ్గా అప్పుడే యజమాని లోపలికొచ్చాడు.

"ఏమిటీ సంత?"

"మీ అమ్మాయి గారు వచ్చారండి."

"ఏ అమ్మాయి? ఈవిడ మన టైలర్ గారమ్మాయి. కర్టెన్లకి నేనే కబురు పెట్టాను."

రాజీనామాలు రాసుకున్న ముగ్గురూ వాటిని జేబుల్లోకి తోసేశారు. యజమాని కొలతల పుస్తకం అందుకుని, పేజీ పేజీ తిప్పాడు.

"ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఒకరి జీతం ఒకరికి తెలీదు. నువ్వు రెండు గంటల్లో అందరి చేతా నిజం చెప్పించావు. నా విలేకరులు పెద్దమనుషుల దగ్గర ఒక్క అంకె రాబట్టలేరు. పగలు చదువుకో, సాయంత్రాలు ఇక్కడికి రా. వచ్చే జీతంలో ఫీజు వెళ్లిపోతుంది."

"ఎందుకండీ?"

"ఇలా అడుగుతావనే."

"ఎంతిస్తారండీ?" అని పెన్సిలు తీసింది.

అయిదింటికి తండ్రి ముందు పుస్తకం పెట్టింది. "ఆరు లక్షల చదువూ, అరవై వేల చదువూ పక్కపక్కన కూర్చుని ఒకే జీతం తీసుకుంటున్నాయి నాన్నా. లెక్కల కాయితాలు చదవడం వస్తే రెట్టింపు."

ఆయన మిషన్ ఆపాడు. అకౌంట్స్ దరఖాస్తు వెనక్కి తిప్పి, దాని మీద జర్నలిజం కాలేజీ అడ్రసు రాయమన్నాడు.

ఆ ఆఫీసులో తొమ్మిదో కిటికీ కర్టెను మాత్రం నేటికీ జానెడు పొట్టి. అక్కడ ఆమె కొలిచింది కిటికీని కాదు, మేనేజరు జీతాన్ని.