ఎనిమిదిన్నర సెంటీమీటర్ల గొడవ

సోమవారం పొద్దున బాజీ పెట్టుకున్న పని ఒక్కటే: ఆదివారం దాకా నోరు మూసుకోవడం.

చూడటానికి చిన్న పనే. కానీ రహస్యం అతని సొంతం కాదు, భార్య షకీలాది. నలభై రెండేళ్ళ షకీలా నడుం నొప్పికని నరసరావుపేటలోని లేడీస్ జిమ్‌లో చేరింది. నొప్పి రెండు నెలల్లో పోయింది. జిమ్ మాత్రం పోలేదు. ఈ ఆదివారం ఊళ్ళోనే జిల్లా పవర్‌లిఫ్టింగ్ పోటీలు. నలభై దాటిన ఆడవాళ్ళ విభాగంలో, నేల మీది బరువును నిటారుగా నిలబడేదాకా ఎత్తే డెడ్‌లిఫ్ట్‌కి ఆమె పేరిచ్చింది. గెలిస్తే రాష్ట్ర పోటీలకు వెళుతుంది. ఈ సంగతి బాజీకి, కోచ్ లిఖితకి తప్ప మూడో మనిషికి తెలియదు.

"గెలిచినాక ఊరంతా చెప్పుకో. అప్పటిదాకా నోరిప్పావో, చూడు మరి," అంది షకీలా, టిఫిన్ పళ్ళెం ముందు పెడుతూ. "ఓడిపోయినానంటే అంకమ్మక్క ఇడ్లీ బండి కాడ నన్నే చట్నీ చేసుకుని తింటారు."

"నేనెందుకు చెబుతానే?" అన్నాడు బాజీ. నిజంగానే చెప్పే ఉద్దేశం లేదు.

జిమ్‌లో కొత్త ఫ్లోరింగ్ వేస్తూ వారం పాటు మూసేశారు. అందుకని లిఖిత బరువులు తగిలించే ఇరవై కిలోల ఇనుప బారు ఇచ్చి పంపింది. ప్లేట్లు బాజీ చేశాడు. పల్నాడు రోడ్డులో అతనిది లేతు షాపు. పాత ఇనుములో దొరికిన గుండ్రటి దిమ్మెను నాలుగు ముక్కలుగా కోసి, మధ్యలో బెజ్జం పెట్టి, ఒక్కొక్కటి ఇరవై కిలోలకు తేల్చాడు. బారుతో కలిపి సరిగ్గా క్వింటా. ఇంత నునుపైన ప్లేటు జిల్లాలో ఉండదని అతని నమ్మకం.

షకీలా వెనక వరండాలో బారు ముందు నిలబడింది. వంగింది. పట్టుకుంది. లాగింది.

బారు కదల్లేదు. ముఖం ఎర్రబడింది. మళ్ళీ లాగింది. క్వింటా ఇనుము నేలకు అతుక్కుపోయినట్టు కూర్చుంది.

"జిమ్‌లో లేచిందే ఇది!" అంది. ఆమె గొంతులో భయం బాజీకి వినపడింది. వెంటనే లిఖితకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"ఆంటీ, ప్లేటు అడ్డంగా ఎంతుందో టేపు పెట్టి చూడండి."

బాజీ టేపు పెట్టాడు. "పదకొండు అంగుళాలమ్మా. నున్నగా వచ్చినయ్."

"నున్నగా ఉంటే ఏం లాభం అంకుల్? జిమ్ ప్లేట్లు నలభై ఐదు సెంటీమీటర్లుంటయ్. బారు నేలకి ఇరవై రెండున్నర ఎత్తులో ఉంటది. మీ బారు పద్నాలుగు దగ్గరుంది. ఎనిమిదిన్నర తక్కువ. ఆంటీ గోతిలోంచి లాగుతున్నట్టు లెక్క."

"బరువు అదే గదా?"

"బరువు అదే. వంగుడు ఎక్కువ. నేలని వదిలించేటప్పుడే ప్రాణం పోద్ది. ప్లేట్ల కింద ఏదన్నా పెట్టి ఎత్తు సరిచెయ్యండి."

ఫోన్ పెట్టేసి షకీలా హాయిగా ఊపిరి తీసుకుంది. తప్పు తనది కాదు, మొగుడిది.

బాజీ వెంటనే నాపరాళ్ళ డిపోకి వెళ్ళాడు. ప్లేటు కింద రెండేసి రాళ్ళు, పైన లారీ టైరు ముక్క వేస్తే ఎత్తు సరిపోతుంది. కావలసినవి నాలుగు పలకలు. నాలుగు పలకలకు ఆటో పిలవడం నామోషీగా తోచి, ఆటో నిండా ఎత్తించుకొచ్చాడు. అదే అతను చేసిన మొదటి తప్పు. దించింది ధనుంజయరావు గారి కళ్ళ ముందు. అది రెండోది.

పక్కింటి ధనుంజయరావు గారు సాగర్ కాలవల మీద పనిచేసి రిటైరయ్యారు. నీళ్ళు ఎటు పారతాయో చూడటమే ఆయన ఉద్యోగం. కాలవ పోయాక ఆయనకు వీధి మిగిలింది. ఆ వీధిలో ఒకరు నేల ఎత్తు చేశారంటే వాన నీళ్ళు పక్కింట్లో దిగుతాయి. పక్కవాళ్ళు ఎత్తితే ఆ పక్కింట్లోకి వెళతాయి. కిందటి వానల్లో ఆయన హాల్లో చెప్పులు తేలాయి.

"ఏం బాజీ, పనేదో మొదలుపెట్టినట్టున్నావే?" అన్నారు గోడ మీదుగా.

బాజీకి అబద్ధాలు అలవాటు లేదు. "ఏం లేదు బాబాయ్. వెనక వరండా కొంచెం ఎత్తు చేద్దామని."

"ఎంత?"

బాజీ బుర్రలో ఆ క్షణాన ఉన్న అంకె ఒక్కటే. "ఎనిమిదిన్నర సెంటీమీటర్లు."

ధనుంజయరావు గారి కనుబొమలు పైకి లేచాయి. ఊరికే అనేవాడు జానెడో బెత్తెడో అంటాడు. అర సెంటీమీటరు దాకా చెప్పాడంటే లెక్క గట్టుకునే దిగాడు. ఆయన ఇంకేమీ అడక్కుండా లోపలికి వెళ్ళిపోయారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన ఎవరినీ అడిగింది లేదు, కొలిచిందే.

అరగంటలో రాళ్ళు కుదిరాయి. షకీలా వంగి లాగింది. ఈసారి బారు సర్రున లేచింది. మోకాళ్ళు దాటింది. ఆమె నిటారుగా నిలబడి బాజీ వైపు చూసి నవ్వింది. పెళ్ళిచూపుల్లో కూడా అతను అంత మంచి నవ్వు చూడలేదు. ఆ సంతోషంలో ఆమె బారును నెమ్మదిగా దించడం మరిచిపోయింది.

ధబ్!

గోడ అవతల ధనుంజయరావు గారి భార్య సీతారావమ్మ గారి గొంతు వినిపించింది. "ఏమండీ! అప్పుడే దిమ్మిస కూడా కొడుతున్నారు!"

మంగళవారం పొద్దున ధనుంజయరావు గారి వాకిట్లో ట్రాక్టరు గ్రావెల్ దిగింది.

అంకమ్మ ఇడ్లీ బండి ఎదురుగానే ఉంటుంది. ఆమె గ్రావెల్‌ను చూసింది, తన గడపను చూసుకుంది. "ఆయన గవర్నమెంటులో చేసినోడు. ఊరికే పోయిస్తాడా? రోడ్డు ఎత్తు పెంచుతన్నారంట, లోపలి కబురు తెలిసుంటది," అని పొట్లాలు కడుతూ కనపడిన ప్రతివాళ్ళకీ చెప్పింది. మధ్యాహ్నానికి ఆమె ట్రాక్టరు వచ్చింది. సాయంత్రానికి పరుపులు కుట్టే అబ్దుల్ జబ్బార్ ట్రాక్టరు వచ్చింది. రాత్రయ్యేసరికి రోడ్డు అడుగున్నర పెరుగుతుందని వీధిలో అందరికీ రూఢిగా తెలిసిపోయింది. ఎవరు చెప్పారో మాత్రం ఎవరికీ తెలియదు.

బుధవారం మంచినీళ్ళ ట్యాంకరు వీధి మొగలోకి వచ్చి, లోపలి గుట్టలు చూసి, వెనక్కి పోయింది.

దాంతో పంచాయితీ పడింది. ధనుంజయరావు గారి వరండాలో కుర్చీలు వేశారు. షకీలా బజారుకు వెళ్ళింది. బాజీ ఒక్కడే దొరికాడు.

"మొదలుపెట్టింది బాజీ," అంది అంకమ్మ. "ముందు ఆయన దించాల. అప్పుడు మేం దించుతాం. బిందెలు పట్టుకుని నేను యాడికి పోవాలయ్యా?"

"అసలు నీకు ఆ ఎత్తెందుకు?" అని సూటిగా అడిగారు ధనుంజయరావు గారు.

మా ఆవిడ క్వింటా బరువు ఎత్తుతుంది. ఆ ఒక్క మాటతో గొడవంతా తెగిపోయేది. ఆ మాట బాజీ గొంతు దాకా వచ్చింది. షకీలా ముఖం గుర్తొచ్చి వెనక్కి పోయింది.

"ఊరికే," అన్నాడు.

"ఊరికే అంట!" అంది అంకమ్మ, చేతులు తిప్పుతూ.

జబ్బార్ మధ్యలోకి వచ్చాడు. "మొత్తం వద్దులే బాజీ భాయ్. బయటున్న కుప్ప డిపోకి పంపించెయ్. లోపల పేర్చినదాంట్లో సగం తీసెయ్. పెద్దాయన మాటా ఉంటది, నీ మాటా ఉంటది."

అందరూ బాజీ వైపు చూశారు. కాదంటే వరండా చూద్దాం పదమంటారు. వరండాలో బారు ఉంది.

"సరే," అన్నాడు బాజీ. "అటొకటి, ఇటొకటి తీసేస్తా."

అతను రాళ్ళు తెచ్చి బయట పెట్టేదాకా ధనుంజయరావు గారు గేటు దగ్గరే నిలబడ్డారు. బాజీ లోపలికి వెళ్ళి టైరు ముక్కలు మళ్ళీ పైన పరిచాడు. వాటి అంచులు కిందికి వేలాడుతున్నాయి. అడుగున ఎన్ని రాళ్ళున్నాయో కనపడదు. ఒక్కో రాయేగా, ఏమవుతుందిలే అనుకున్నాడు.

ఏమవుతుందో గురువారం తెలిసింది.

అది పోటీకి ముందు చివరి సాధన. షకీలా వంగి లాగింది. బారు లేవలేదు. రెండోసారి నేలను వదిలి, బెత్తెడు లేచి, జారిపోయింది. మూడోసారి ఆమె అరిచి మరీ లాగింది. బారు కదలకుండా ఆమె నడుమే వంగిపోయింది. షకీలా వదిలేసి గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఎత్తు సరిగ్గానే ఉంది గదా," అంది రాత్రి అన్నాల దగ్గర. "ఇంక తప్పు నాదే. వయసయిపోయిందయ్యా."

చెప్పేద్దామని బాజీ నోరు తెరిచాడు. ఆమె కళ్ళలో నీళ్ళు చూశాడు. ఇప్పుడు చెబితే ఆ నీళ్ళు ఏమవుతాయో ఊహించుకున్నాడు. తెరిచిన నోట్లో అన్నం ముద్ద పెట్టుకున్నాడు. అది అతని మూడో తప్పు. అన్నిట్లోకీ పెద్దది అదే.

ఆదివారం పొద్దున ఇద్దరూ సంచి తీసుకుని గ్రావెల్ గుట్టలెక్కి దిగుతూ వీధి చివరికి నడిచారు. ఆటోలు లోపలికి రావడం మానేసి మూడు రోజులైంది. వెనక స్కూటర్ చప్పుడైంది. బాజీ తిరిగి చూసి ఉలిక్కిపడ్డాడు. ధనుంజయరావు గారు, వెనక సీట్లో సీతారావమ్మ గారు. బాజీ, షకీలా పొద్దున్నే షూ వేసుకుని, సంచితో బయల్దేరారంటే తమ మీద ఎవరికో అర్జీ పెట్టడానికేనని ఆ దంపతులు తేల్చుకుని వెంటపడ్డారు.

పోటీ ఒక ఫంక్షన్ హాల్లో. వేదిక మీద బారు, దానికి పెద్ద తాంబాళాలంత ప్లేట్లు. ఆ బారు ఎంత ఎత్తున ఉందో బాజీ కళ్ళతోనే కొలుచుకున్నాడు.

ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. బల్ల దగ్గర షకీలా మొదటి బరువుగా ఎనభై చెప్పింది.

"నూరు అనుకున్నాం గదా ఆంటీ?" అంది లిఖిత.

"నావల్ల కాదమ్మా. ఎనభై ఎత్తి పరువు దక్కించుకుని పోతా."

తల చుట్టూ స్కార్ఫు బిగించి షకీలా వేదికెక్కింది. వంగింది. లాగింది. ఎనభై కిలోలు ఎంత తేలిగ్గా లేచాయంటే, ఆమె వెనక్కి పడబోయి తమాయించుకుంది. ముగ్గురు రెఫరీలూ ఒప్పుకున్నట్టు మూడు తెల్ల దీపాలు వెలిగాయి. ఆమె నేరుగా లిఖిత దగ్గరికొచ్చింది.

"బరువు తక్కువేశారు. చూడమని చెప్పు."

"సరిగ్గానే ఉంది ఆంటీ. నూరు రాయిస్తున్నా."

నూరూ లేచింది. మళ్ళీ మూడు దీపాలు. షకీలా నమ్మలేనట్టు తన చేతులు చూసుకుంది. అంతలో ఈపూరు నుంచి వచ్చిన దేవమ్మ వేదికెక్కింది. మిర్చి బస్తాలు మోసిన భుజాలు ఆమెవి. తన చివరి అవకాశంలో నూట ఐదు లేపి, అదో బరువే కాదన్నట్టు దించింది. హాలు దద్దరిల్లింది.

షకీలా కుర్చీలో కూలబడింది. "నాకు చాలమ్మా. ఇంట్లో నూరే లేవలేదు. ఇందాక ఎట్టాగో లేచింది. ఇంకోటి ఎత్తబోయి నడుం ఇరగ్గొట్టుకోను. వద్దని చెప్పెయ్."

లిఖిత బల్ల వైపు కదిలింది.

బాజీ ముందు రెండే దారులు. మాట్లాడకపోతే షకీలా ఓడిపోతుంది. మాట్లాడితే తను ఇంటికి చేరడు.

"షకీలా, ఆగు," అన్నాడు. "గురువారం ఎత్తు సరిగ్గా లేదు. ఒక్కో రాయి తీసేశా. నువ్వు లాగింది కిందినుంచి."

షకీలా తల నెమ్మదిగా పైకి లేచింది. "ఎవరు తియ్యమన్నారు?"

బాజీ కళ్ళు పక్కకు తిరిగాయి. అక్కడ ధనుంజయరావు గారు నిలబడి ఉన్నారు. ఆయన చూపు వేదిక మీద బారు నుంచి బాజీకి, బాజీ నుంచి షకీలాకు తిరుగుతోంది. వాకిట్లో పోయించిన గ్రావెల్ అంతా ఆయన ముఖంలో కనపడింది. వెనక్కి ఒక అడుగు వేశారు. సీతారావమ్మ గారు చొక్కా పట్టుకుని ఆపారు.

"యాడికి పోతారు? నిలబడండి. ఆ రాళ్ళు ఇందుకంట!"

షకీలా ఇద్దరు మగాళ్ళనూ పైనుంచి కింది దాకా చూసింది. లేచి నిలబడింది. చేతులకు సుద్దపొడి పట్టించుకుంది.

"లిఖితా, నూట పది రాయించు."

"నూట ఏడున్నర చాలు ఆంటీ, గెలవడానికి."

"ఆ రెండున్నరా వీళ్ళిద్దరి కోసం."

వేదిక మీద ఆమె వంగింది. బారు నేల మీద ఒక్క క్షణం మొండికేసింది. తర్వాత ప్లేట్ల కింద సన్నటి వెలుతురు కనపడింది. బారు పిక్కలు దాటింది. మోకాళ్ళ దగ్గర ఆగింది. ఆమె దవడ బిగుసుకుంది, చేతులు వణికాయి. బారు మాత్రం దిగలేదు. బాజీ పక్కన ఎవరో వంగి ఒక కన్ను మూసి చూస్తున్నారు.

"లెవెల్ పోలేదు! రెండు పక్కలా సమానం! లాగమ్మా!" అని కేక పెట్టారు ధనుంజయరావు గారు.

షకీలా లాగింది. భుజాలు వెనక్కి వెళ్ళాయి. మోకాళ్ళు నిటారయ్యాయి. రెఫరీ చెయ్యి కిందికి పడింది. మూడు దీపాలూ తెల్లగా వెలిగాయి.

మొదట చప్పట్లు కొట్టింది దేవమ్మే. "ఏం తింటావక్కా నువ్వు?" అని వచ్చి కావలించుకుంది. షకీలా పతకం మెడలో వేసుకుని బాజీ దగ్గరికొచ్చింది. బాజీ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"దించు," అంది ఆమె నవ్వుతూ. "ఇప్పుడు చెప్పుకో, ఊరంతా."

బాజీ వారం రోజుల మౌనాన్ని ఆ సాయంత్రం అంకమ్మ బండి దగ్గర ఒక్క గంటలో తీర్చేసుకున్నాడు. "మన వీధిలో క్వింటా పైన ఎత్తే ఆడమనిషుందా!" అని అంకమ్మ షకీలాకు ప్లేటు నిండా ఇడ్లీలు పెట్టింది. ధనుంజయరావు గారు స్వయంగా పార పట్టుకుని వీధి మధ్యలోని గ్రావెల్ పక్కకు లాగారు. జబ్బార్ రెండు రాళ్ళూ భుజాన వేసుకొచ్చి షకీలా వరండాలో పెట్టి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున తలుపు చప్పుడైంది. బాజీ తీశాడు. సీతారావమ్మ గారు చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని నిలబడి ఉన్నారు.

"అమ్మాయ్ షకీలా! నాకు మొదట ఎంత బరువు పెడతావ్?"

ఆ వారం నుంచి ధనుంజయరావు గారి కాఫీ ధనుంజయరావు గారే కలుపుకుంటున్నారు.