గడ్డి సర్కారుది, బర్రె బాలమ్మది

వరిగడ్డి, జొన్నచొప్ప ఇకమీదట పశువుల మేత కావనీ, వ్యవసాయ వ్యర్థాలనీ దబీర్‌పురా ప్రజలకు దండోరా వేసి తెలియజేశారు. యుద్ధం మూలంగా కాగితానికి కరువొచ్చింది. గడ్డిలో సెల్యులోజనే పీచు ఉందనీ, దాన్ని తీసి కాగితం చేయవచ్చనీ కొత్తగా వెలసిన వ్యర్థోద్ధరణ శాఖ కనిపెట్టింది. శాఖాధికారి జగన్నాథం గారు పరదేశంలో చదివొచ్చినవారు. గడ్డిని ఆయన పుస్తకంలో చూశారు.

బండ్లకొద్దీ గడ్డి ఒక నవాబు గారి పాత దేవిడీకి చేరింది. యంత్రాలు ఇంకా ఓడ దిగలేదు. అందుకని పెళ్లివంటల డేగిశాలు కిరాయికి తెచ్చి గడ్డిని కాస్టిక్ సోడాలో ఉడికించారు. కార్వాన్ నుంచి వచ్చిన వంటమనిషి అలవాటుగా ఉప్పు చూడబోతే జవాను చెయ్యి పట్టుకుని ఆపాడు.

బాలమ్మకు ఉన్నది ఒకటే బర్రె. దాన్ని వాడికవాళ్ల గడప ముందుకు తోలుకొచ్చి, కళ్లముందే పాలు పిండిపోవడం మన బస్తీ ఆనవాయితీ. అధికారి గారి వాడిక కూడా ఆమెదే. ఆయన దాన్ని దేవిడీ వాకిట్లో, గడ్డివాము పక్కనే పిండించుకునేవారు. బర్రె మెడ చాచకుండా ఒక జవానును ప్రత్యేకంగా నియమించారు. పాలు రోజురోజుకూ తగ్గి, చివరికి చెంబు అడుగు కూడా తడవలేదు. బర్రె సహాయనిరాకరణకు పాల్పడుతున్నదని శాఖకు అనుమానం కలిగింది.

"సర్కార్, గడ్డి మీరు గుంజుకపోతిరి, పాలు యాడికెల్లి పిండాలె? నా ఇల్లు నడిచేదే దీని మీద. గింత మేత ఇడువుండ్రి," అన్నది బాలమ్మ.

అధికారి గారు లేచి నిలబడి ఉపన్యసించారు: "నీ బర్రె సెల్యులోజును తిని రాజ్యానికి నష్టం చేస్తున్నది. పాలు లేకున్నా రాజ్యం నడుస్తుంది. కాగితం లేకుంటే ఒక్క రోజు నడవదు."

వాకిట్లో మూగిన మనం చప్పట్లు కొట్టాం. బాలమ్మను చూస్తే కడుపు తరుక్కుపోయింది. అయినా చప్పట్లకు అదేమీ అడ్డు రాలేదు.

ఎముకలు తేలిన బర్రెను బాలమ్మ కసాయికి అమ్మేసి, ఏడ్చుకుంటూ ఇంటికి పోయింది.

మర్నాడు బస్తీ మొత్తం పాలు లేని చాయ తాగవలసి వచ్చింది. ఇంతటి ఘోరాన్ని సహించలేక పెద్దలు సమావేశమయ్యారు. ముందస్తు సూచన లేకుండా పాలు బంద్ చేసిన బాలమ్మపై చర్య తీసుకోవాలని అర్జీ రాశారు. కాగితానికి ఇబ్బంది లేకపోయింది. శాఖవారు తమ మొదటి తయారీని ఉచితంగా ఇచ్చారు. పచ్చగా, గరుకుగా, అక్కడక్కడ గడ్డిపోచలతో ఉంది. మనమందరం సంతకాలు చేశాం. సిరా కాస్త పాకింది గాని, ఎవరి పేరూ చదవరానంతగా ఏమీ లేదు.