వరి కోసిన విడిభాగాలు

ఆ ఉదయం ప్రభాకర్ పథకం చిన్నదే. మరునాడు ఖమ్మం నుంచి ఆడిటర్ రాజ్యశ్రీ వచ్చేలోగా పాత వరికోత మిషన్‌ను విప్పించి షెడ్డులో పరిచి పెట్టించాలి. కోత మిషన్లను కిరాయికిచ్చే కంపెనీకి అతను భద్రాచలం మేనేజరు. మిషన్ పాతబడితే జాబితాలోంచి కొట్టేసి, మిగిలిన విలువను ఇంజనుకింత, చక్రానికింత అని పంచి, విడిభాగాలుగా రాయాలి. ప్రభాకర్ ఎండాకాలంలోనే రాసేశాడు. విప్పించలేదు. సీజను రాగానే ఆ విడిభాగాలను బూర్గంపాడుకు కిరాయికి పంపాడు. విడిభాగాలు వరి ఎలా కోస్తున్నాయని పైవాళ్లెవరూ అడగలేదు. కిరాయి వస్తుంటే ఎవరూ అడగరు.

అక్కడి పొలంలో రైతు జంపయ్య వరి సగమే కోత అయింది. ఆకాశం నల్లబడుతోంది. ప్రభాకర్ వెంట వచ్చిన మెకానిక్ సవరయ్య స్పానర్లు దించాడు.

"గిదేంది సారూ? మిషన్ మంచిగనే నడుస్తాంది గదా!"

"అది మిషన్ కాదు జంపయ్యా. లెక్కల్ల విడిభాగాలు."

"మరి పొద్దుగాల్నుంచి నా వరి కోసిందెవరు, మీ తాతనా?"

సవరయ్య నవ్వు ఆపుకుంటూ విప్పాడు. ముక్కలన్నీ ట్రాలీ ఎక్కాయి, ఒక్కటి తప్ప. జంపయ్య డ్రైవరు సీటును గట్టు మీద వేసుకుని దాని మీద కూర్చున్నాడు.

"వాన పడితే వడ్లు మొలకలొస్తయ్. మిగిలింది కోసినంకనే సీటు."

మరునాడు రాజ్యశ్రీ షెడ్డంతా చూసింది. "సీటేది?"

"సీటుదేముంది మేడమ్..."

"దానికీ విలువ రాశారు. చూడందే సంతకం పెట్టను."

కంపెనీ మిషన్లన్నీ కిరాయిలో ఉన్నాయి. వేరే దారి లేక ముక్కలు మళ్లీ ట్రాలీ ఎక్కి బూర్గంపాడు పోయాయి. సవరయ్య బిగించాడు. జంపయ్య సీటిచ్చాడు. మిషన్ కోత మొదలుపెట్టింది.

సీటు చూడటానికి వెనకే వచ్చిన రాజ్యశ్రీ అప్పుడే కారు దిగింది. ప్రభాకర్ ఎదురు పరుగెత్తాడు.

"తప్పైంది మేడమ్. మిషన్ నడుస్తాంది..."

"ఏ మిషన్? నా జాబితాలో మిషన్ లేదు. సీటు చూపించండి."

"డ్రైవర్ కింద ఉంది మేడమ్."

ఆమె వంగి చూసింది. ఇంజను, చక్రాలు, బ్లేడ్లు కూడా అక్కడే కనిపించాయి. టిక్కులు పెట్టుకుంది. చివరి మడి కోత అయ్యాక వాన పడింది. జంపయ్య వడ్లు అప్పటికే టార్పాలిన్ పట్టా కింద ఉన్నాయి.

ఆడిట్ రిపోర్టులో ఆమె ఇలా రాసింది: "విడిభాగాలన్నీ సరిగ్గా ఉన్నాయి. నడుస్తున్నాయి."