రెండు టీవీలకు ఒకటే పేరు

ఒక పెద్ద అడవిలో అన్నిటికీ ఒకటే పేరు. రోడ్డుకి మృగరాజు రోడ్డు, బావికి మృగరాజు బావి, ఆఖరికి పేడ ఎత్తే బండికి కూడా మృగరాజు బండి. ఇదంతా అటవీ మండలి కార్యదర్శి జిత్తయ్య చలవ. జిత్తయ్య నక్క. ఎక్కడైనా తన పేరు కనపడితే సింహం గారికి కోపం చల్లారిపోతుందని మొట్టమొదట కనిపెట్టింది అతనే. అందుకే ఇంకా బతికున్నాడు.

ఈమధ్య మండలి రెండు స్మార్ట్ టీవీలు తెప్పించింది. ఒకటి సభా మందిరంలో పెట్టారు. రెండోది ప్రజల కోసమని గోడకి అవతలే ఉన్న ఎలుగుబంటి భల్లయ్య టీకొట్టులో పెట్టారు. రెండింటికీ జిత్తయ్యే దగ్గరుండి పేరు పెట్టాడు. ఏం పేరో మీకు చెప్పక్కర్లేదు.

ఒకరోజు చెవులమ్మ అనే కుందేలు సభకొచ్చింది.

"అయ్యా, మా పిల్లల బడి వాగు అవతలుంది. నిరుడు వానల్లో మా చిన్నోడు కొట్టుకుపోతుంటే ఏనుగు తాతగారు తొండంతో పట్టుకున్నారు కాబట్టి దక్కాడు. వంతెన వేస్తామన్నారు. మళ్లీ మబ్బులు పడుతున్నాయి, నాకు భయంగా ఉందయ్యా."

సింహం గారు ఆవలించారు. "వంతెన అయిపోయిందన్నావు కదయ్యా జిత్తయ్యా?"

"ఎప్పుడో అయిపోయింది ప్రభూ! కాంట్రాక్టరు మకరందం పగలనక రాత్రనక కష్టపడ్డాడు."

మకరందం అంటే ఆ వాగులో ఉండే మొసలి. వాగు మీద వంతెన వేసే పని మొసలికి అప్పగించిన అడవి లోకంలో ఇదొక్కటే అయ్యుంటుంది.

"పొద్దున నేను చూసొచ్చాను, అక్కడ ఒక్క కర్ర కూడా లేదు!" అంది చెవులమ్మ.

"అయితే పదండి, నేనే చూస్తాను," అని సింహం గారు లేవబోయారు.

"అయ్యో, ఈ ఎండలో తమరెందుకు ప్రభూ! ఫోటో నా ఫోనులో ఉంది. టీవీలో చూపిస్తాను, పెద్దగా కనపడుతుంది," అన్నాడు జిత్తయ్య. పక్క అడవి వంతెన ఫోటో ఒకటి ముందే దాచిపెట్టుకున్నాడు. "ఇది మండలి లోపలి వ్యవహారం, నువ్వెళ్లి టీ తాగమ్మా," అని చెవులమ్మను బయటికి పంపేశాడు.

ఫోనులో ఉన్నదంతా టీవీలో కనపడేలా చేసే గుర్తు ఒకటుంటుంది కదా, దాన్ని నొక్కాడు. ఏ టీవీ అని ఫోను అడిగింది. కింద రెండు పేర్లు వచ్చాయి. మృగరాజు. మృగరాజు.

జిత్తయ్య బుర్ర గోక్కుని పైదాన్ని నొక్కాడు.

సభలో టీవీ నల్లగా అలాగే ఉంది. అడుగున చిన్న ఎర్ర దీపం మాత్రం వెలుగుతోంది.

"ఏదయ్యా?" అన్నారు సింహం గారు.

జిత్తయ్యకు చెమటలు పట్టాయి. అయితే ఆ మండలిలో ఒక ఆనవాయితీ ఉంది. సింహం గారికి చూపించినది తమకు కనపడలేదని సభ్యులెవరూ అనకూడదు. అందుకని ఓండ్రప్ప అనే గాడిద గొంతు సవరించుకున్నాడు.

"అబ్బబ్బ, ఏం వంతెనండీ! రాత్రిపూట తీసినట్టున్నారు. ఆ ఎర్రగా ఉన్నది వంతెన మీద దీపం ప్రభూ."

"అవునవును, అమావాస్య నాడు తీశాం!" అని జిత్తయ్య అందుకున్నాడు.

సింహం గారు కళ్లు చికిలించారు. "దీపం బాగానే ఉంది. నా పేరు రాశారా?"

"రాశాం ప్రభూ, చీకట్లో ఉంది. పెద్ద పెద్ద అక్షరాలు."

"సరే అయితే, భోజనానికి లేద్దాం."

జిత్తయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఫోను ఎలాగూ టీవీకి కలవలేదనుకుని, ఓ మూల కూర్చుని మొసలికి సందేశాలు కొట్టడం మొదలుపెట్టాడు.

అవతల టీకొట్టులో అప్పటిదాకా కోతుల కబడ్డీ ఫైనలు నడుస్తోంది. కూతకెళ్లిన కోతి గీత తాకబోతుండగా ఆట పోయి నక్క ఫోను ప్రత్యక్షమైంది.

"ఒరే భల్లయ్యా, ఆట పెట్టరా!"

"మా అమ్మతోడు, నేను ముట్టుకోలేదు!" అన్నాడు భల్లయ్య.

ఇంతలో గుమ్మడికాయలంత అక్షరాలు పడ్డాయి. 'బతికిపోయాం మకరందం. ఫోటో కూడా అక్కర్లేకపోయింది. గాడిద చూసుకున్నాడు.'

కింద జవాబు వచ్చింది. 'అసలు వంతెన దేనికి? వానలు పడితే బడి పిల్లలు ఈదుకుంటూ వస్తారు. నాకు ఓ పూట గడుస్తుంది.' చివర నాలుక చప్పరించే బొమ్మ కూడా పెట్టాడు.

చెవులమ్మ చేతిలో గ్లాసు జారిపోయింది. "నా పిల్లలు వీడికి ఓ పూట తిండా!" అని బావురుమంది.

లోపల జిత్తయ్య మాంచి హుషారు మీదున్నాడు. ఆ హుషారులో తన పాత ఫోటో ఒకటి తెరిచి మురిసిపోసాగాడు. అందులో సింహం గారి గద్దె మీద కాలు మీద కాలు వేసుకుని, మెడ చుట్టూ ఎండుగడ్డి జూలు కట్టుకుని కూర్చున్నాడు. ఏడుస్తున్న చెవులమ్మ తప్ప టీకొట్టంతా పగలబడి నవ్వింది.

ఆ నవ్వులకు సింహం గారు బయటికొచ్చి టీవీ చూశారు. "నా గద్దె! నా జూలు! పట్టుకోండి వాణ్ని!" అని గర్జించారు. కాసేపటికి తేరుకుని భోజనానికి బయల్దేరారు.

చెవులమ్మ కళ్లు తుడుచుకుని అడ్డం నిలబడింది. "మరి వంతెనో?"

"వంతెన గొడవ నాకేం తెలుసమ్మా? నేనేం చూశాను?"

"తమరు చూడకపోవడమేంటయ్యా! టీవీ పైన ఏం రాసుందో చదవండి. 'మృగరాజుకు చూపిస్తున్నాం' అనుంది. అడవంతా చదివింది. మొసలి నా పిల్లల్ని తింటానన్న మాట తమరికే చూపించారు. చూసి కూడా అన్నానికి పోతారా?"

ఏనుగు తాతగారు ఒక అడుగు ముందుకేశారు. భల్లయ్య టీ గిన్నె కింద పెట్టాడు. సింహం గారు చుట్టూ చూశారు.

"చూశాను... చూశాను కాబట్టే మండిపడుతున్నాను," అన్నారు.

ఆ సాయంత్రమే తీర్పు వచ్చింది. వంతెన పూర్తయ్యేదాకా మొసలే మూతికి తాడు కట్టించుకుని వాగుకి అడ్డంగా పడుకోవాలి. బడి పిల్లల సంచులు జిత్తయ్య మోయాలి. మొదటిరోజు చెవులమ్మ చిన్నోడు మకరందం వీపు మీద ఎగురుకుంటూ పోయి, ముక్కు మీద రెండు గెంతులు ఎక్కువేశాడు. అది చూసి చెవులమ్మ కడుపారా నవ్వుకుంది.

అసలు వంతెన ఇంతవరకూ రాలేదు. మొసలి తోకకి 'మృగరాజు వంతెన' అని బోర్డు, నడుముకి ఓ ఎర్ర దీపం కట్టించి ఓండ్రప్ప కార్యదర్శి అయిపోయాడు.

నీతి: పాడు పనులు చేసుకునేవాళ్లు నిక్షేపంగా చేసుకోండి, ఏలినవారి పేరు మాత్రం ఒక్క టీవీకే పెట్టండి.