అవునుగారు తాజా చేసిన ఆఫీసు

మానవజాతి ఇంతవరకు మూడు యుగాలు చూసింది: రాతి యుగం, లోహ యుగం, "దయచేసి ఆగండి, తాజా చేస్తున్నాం" యుగం. మొదటి రెండూ ముగిశాయి. మూడోది తొంభై తొమ్మిది శాతం దగ్గర ఆగి ఉంది.

ఈ యుగానికి తగిన మనిషి జనన నమోదు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. అందరూ ఆయన్ని అవునుగారు అంటారు. దానికో చరిత్ర ఉంది. ఆ కంప్యూటర్లో ప్యాకేజీ మేనేజర్ అనే పెత్తందారు ప్రోగ్రాము ఒకటి కాపురం ఉంటోంది. మిగతా ప్రోగ్రాముల్లో ఏది పాతబడిందో కనిపెట్టి, కొత్తది తెచ్చి తాజా చేయడం దాని ఉద్యోగం. వచ్చేది ఒంటరిగా రాదు. పిలవని చుట్టంలా నలుగురిని వెంటేసుకొస్తుంది. ప్రతిసారీ తెర నిండా ఒక జాబితా పరిచి, అడుగున "కొనసాగించమంటారా? (అ/కా)" అని మర్యాదగా అడుగుతుంది. ఆ జాబితా చదివిన మనిషి ఇంకా పుట్టలేదు. (పుట్టినా, నమోదు కాలేదు.) పదకొండేళ్లుగా ఆయన "అ", అంటే అవును, నొక్కుతున్నారు. "ఆఫీసులో అడిగినదానికల్లా అవును, ఇంట్లో కాదు తప్ప రాదు" అని భార్య పెట్టిన ఫిర్యాదు నేటికీ పెండింగులో ఉంది.

ఒక్క ప్రోగ్రాము జోలికి మాత్రం ఆయన ఎవరినీ రానివ్వలేదు. అది పుట్టినతేదీ పత్రాలు అచ్చువేసేది. ఎప్పుడో రిటైరైన గుమాస్తా రాసిపెట్టి వెళ్లాడు. చూపుకి వికారం, పనికి బంగారం. దాన్ని కదపవద్దని ప్యాకేజీ మేనేజర్‌కి చెప్పి తాళం వేయించారు.

ఆ రోజు నాలుగింటికి తనిఖీ. తాజాతన శాఖ నుంచి ఉపసంచాలకుడు వస్తున్నాడు. (అక్కడ ఆ ఉపసంచాలకుడు కూర్చునే కుర్చీ మాత్రం శాఖ కంటే పాతది.)

కిటికీ ముందు వరుసలో మొదట ఒక తల్లి, ఆమె కొంగు పట్టుకుని అయిదేళ్ల పాప. పాపను బడిలో చేర్చడానికి అదే ఆఖరి రోజు. అయిదింటికి బడివాళ్లు దరఖాస్తుల పెట్టె మూసేస్తారు.

"మూడుసార్లు తిరిగాను అన్నయ్యా. వచ్చినప్పుడల్లా రేపు రమ్మన్నారు. ఆ రేపు ఇవాళే."

"పది నిమిషాలమ్మా. చేతిలో పెట్టి పంపిస్తాను," అని మాటిచ్చేశారు అవునుగారు.

అంతలో ఆ ఆఫీసు అధికారి తన గదిలోంచి ఊడిపడ్డాడు.

"ఏమిటయ్యా ఇది? తెర మీద 'ఒకటి ఆపి ఉంచారు' అని ఎర్రగా కనబడుతోంది! తనిఖీకి ఎరుపు చూపిస్తావా?"

"అది తీస్తే పత్రాలు రావేమోనండీ."

"పత్రాలు రాకపోతే జనం అడుగుతారు. ఎరుపు పోకపోతే పైవాళ్లు అడుగుతారు. ఎవరికి భయపడాలో అదీ నేనే చెప్పాలా?"

తాళం తీశారు. మూడు వందల పన్నెండు పేర్ల జాబితా వచ్చింది. "అ". అరగంట గడిచింది.

"అన్నయ్యా, ఇవి ఇందాకటి పది నిమిషాలేనా, కొత్తవా?"

"తాజావేనమ్మా," అన్నారు చెమట తుడుచుకుంటూ.

చివర్లో తెర మీద రెండు ముక్కలు: "కింది ప్రోగ్రాము మీద వేరే ఏ ప్రోగ్రామూ ఆధారపడి లేదు. ఎవరికీ అవసరం లేదు కనుక తొలగించమంటారా? (అ/కా)"

వేలు నొక్కేసింది. ఆయన శరీరంలో కంటి కన్నా వేలే సీనియర్.

ఆ తర్వాత చదివారు. తొలగిపోయింది పత్రాల ప్రోగ్రామే. దాని మీద ఆధారపడ్డవాళ్లు కిటికీ అవతల నలభై మంది ఉన్నారు. కానీ వాళ్లు ప్రోగ్రాములు కారు, లెక్కలోకి రారు. మళ్లీ తెచ్చిపెట్టమని బతిమాలితే "అంత పాతది మా దగ్గర లేదు" అంది ప్యాకేజీ మేనేజర్.

అవునుగారు పాత రిజిస్టరు దుమ్ము దులిపి, పాప పేరు వెతికి పట్టుకుని, తెల్లకాగితం మీద గుండ్రంగా పత్రం రాసి, సంతకానికి పట్టుకెళ్లారు.

"చేతిరాతా!" అధికారి కళ్లజోడు సవరించుకున్నాడు. "వెర్షన్ ఎంత?"

"పలక మీద నేర్చిందండీ. ఆ తర్వాత తాజా చేయలేదు."

"అయితే చెల్లదు."

నాలుగింటికి ఉపసంచాలకుడు వచ్చాడు. తెర మీద పచ్చటి అక్షరాలు వెలుగుతున్నాయి: "అన్నీ తాజాగా ఉన్నాయి. చేయవలసిన పని ఏదీ లేదు." ఆయన కళ్లు చెమర్చాయి. ఇలాంటి ఆఫీసును సర్వీసులో చూడలేదన్నాడు. ఆ తెరను ఫొటో తీసి, పటం కట్టించి గోడకు తగిలించమన్నాడు. టీ తాగి వెళ్లేసరికి అయిదయింది.

"అమ్మా, అక్కడ ఏం రాశారే?" అంది పాప.

"చేసే పనేమీ లేదని."

"మరి నా బడి?"

తల్లి కిటికీలోంచి లోపలికి వంగింది. "ఇవాళ కూడా కాదన్నమాటేనా అన్నయ్యా?"

అవునుగారు పదకొండేళ్ల సర్వీసులో మొదటిసారి ప్రశ్న మొత్తం విన్నారు, కాసేపు ఆలోచించారు, అప్పుడు "అవును" అన్నారు.