బండి తెచ్చిన బెల్లం

ఉదయం ఏడింటికల్లా జనగామలో బయలుదేరి, పదికల్లా నర్సింహులపేట అవతలి తండాలో మంగీలాల్ చేత బుకింగ్ ఫారం మీద సంతకం పెట్టించి, మధ్యాహ్నం అన్నం వేళకు ఇల్లు చేరాలన్నది జోసెఫ్ పథకం. పథకం చిన్నదే. అయినా ఆరింటి నుంచి అతను చొక్కా జేబులోని ఫారాన్ని ఎనిమిదిసార్లు తీసి చూసుకున్నాడు. తొమ్మిదోసారి తీస్తుంటే భార్య శ్రీలత టీ గ్లాసు చేతికిచ్చి, ఫారాన్ని తన సంచిలో వేసుకుంది.

జోసెఫ్ బండ్ల షోరూంలో సేల్స్ మనిషి. నెల క్రితం షోరూంకు ఒక కొత్తరకం బండి వచ్చింది. ముందు నుంచి చూస్తే కారు: నాలుగు తలుపులు, ఏసీ, మెత్తటి సీట్లు. డిక్కీ ఉండవలసిన చోట మాత్రం చిన్న ట్రాలీ. కారు కొనడానికి వచ్చినవాళ్ళు వెనక చూసి "గిదేం ట్రాలీ" అన్నారు. ట్రాలీ కొనడానికి వచ్చినవాళ్ళు ముందు చూసి "గిదేం కారు" అన్నారు. ఒక్క బండీ కదల్లేదు. ఈ మూడు జిల్లాల్లో దీనికి గిరాకీ ఉందో లేదో తేల్చడానికి కంపెనీ పెద్దసారు ఆ సాయంత్రం నాలుగింటికి వస్తున్నాడు. అప్పటికి ఒక్క బుకింగైనా చూపించకపోతే బండి కంపెనీకి, జోసెఫ్ భూపాలపల్లి బ్రాంచికి పోవలసిందేనని మేనేజరు ముందే చెప్పాడు.

భూపాలపల్లి మీద జోసెఫ్‌కు కోపమేమీ లేదు. భయమంతా బదిలీ అంటేనే. ఆరేళ్ళలో నాలుగు ఊళ్ళు మారారు. ఊరికొకటి చొప్పున ఇంట్లోని బీరువాకు నాలుగు సొట్టలు పడ్డాయి. నాలుగోది పడిన రోజు శ్రీలత, "ఇగ సామాను సదురుడు నాతోటి కాదు. మల్లొక ఊరంటే నువ్వు, నీ బీరువా పోండ్రి" అంది. ఒకసారి చెప్పిన మాటను రెండోసారి చెప్పే అలవాటు ఆమెకు లేదు.

మంగీలాల్ మిర్చి రైతు. "కారు కొంటే బస్తాలెట్ల? ట్రాలీ కొంటే పెండ్లిళ్ళకెట్ల?" అని రెండేళ్ళుగా ఏదీ కొనకుండా ఊగుతున్నాడు. ఈ బండి అతని కోసమే పుట్టిందని జోసెఫ్ నమ్మకం. మంగీలాల్ భార్య విజయ పక్కన కూర్చుని నాలుగు మంచి మాటలు చెబుతుందని శ్రీలతను కూడా రమ్మన్నాడు. షోరూం నుంచి పూలదండతో తెచ్చిన డెమో బండి ఎక్కే ముందు ఆమె కుట్టుమిషను దగ్గరి టేపు తెచ్చి ట్రాలీ కొలిచింది.

"నాలుగున్నర అడుగులు. మన బీరువా ఆరున్నర. పడుతదా?"

"ఇప్పుడు బీరువాతోటి ఏం పని?"

"అడిగేటోళ్ళు అడుగుతరు."

"పడుతదని చెప్త."

శ్రీలత టేపు చుట్టింది. ఇంతలో మేనేజరు ఫోను. "జోసెఫ్, ట్రాలీల పుల్ల గూడ పెట్టద్దు. ఒక్క గీత పడ్డదంటే నీ సంగతి చెప్త."

"ఖాళీ ట్రాలీ తొర్రూరు దాటదు," అంది శ్రీలత, సీటు బెల్టు పెట్టుకుంటూ.

ఆమె అంచనా తప్పలేదు. తొర్రూరు బస్టాండు దగ్గర తలపాగా చుట్టుకుని, రెండు బెల్లం బుట్టలు పక్కన పెట్టుకుని ఆమె మేనమామ పెంటయ్య నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుగా ఆయనది బెల్లం వ్యాపారం.

"అల్లుడా! దేవుడు పంపినట్టే వచ్చినవ్. నర్సింహులపేట కిరాణం కాడ దించు, గంతే."

"మామా, గిది డెమో బండి. ఎనక ఏం పెట్టద్దు."

"ఏం పెట్టద్దంటే గంత జాగ ఎందుకిడిసిన్రు?"

కంపెనీవాళ్ళు శిక్షణలో ఈ ప్రశ్నకు జవాబు నేర్పలేదు. జోసెఫ్ ఆలోచిస్తుండగానే బుట్టలూ పెంటయ్యా ట్రాలీ ఎక్కారు.

ఆ దారిలో కారును ఎవరూ చెయ్యెత్తి ఆపరు. ట్రాలీని ఆపుతారు. ఆగకుండా పోయిన ట్రాలీవాణ్ణి మూడు తరాలు గుర్తు పెట్టుకుంటారు. రెండు కిలోమీటర్లకు భూదేవి అవ్వ, ఆమె మేక. "ఖాళీగనే పోతున్నవ్ గద నాయినా, బిడ్డ ఊరు గీ ముందల్నే." ఇంకొంచెం ముందుకు పోయాక ముగ్గురు డప్పులవాళ్ళు. వాళ్ళదీ భూదేవి వెళ్ళే ఊరే, తండా అవతల. మేక ఎక్కగానే ట్రాలీకి కట్టిన బంతిపూల దండను ఒక చివర నుంచి తినడం మొదలుపెట్టింది. దాని గిట్టలు రేకు మీద చేసే చప్పుడు వినపడినప్పుడల్లా జోసెఫ్ భుజాలు ఎగిరిపడ్డాయి.

నర్సింహులపేటలో కిరాణా దుకాణం షట్టరు మూసి ఉంది. "పాయె. తిరిగొచ్చేటప్పుడు దించుకుంట తియ్," అన్నాడు పెంటయ్య. పదికి ఇంకా పది నిమిషాలే ఉంది. "పదిలోపల రా అన్నా, తర్వాత ఇంటికి సుట్టాలొస్తరు" అని మంగీలాల్ ముందురోజే చెప్పాడు. ఏ చుట్టాలో చెప్పలేదు. జోసెఫ్ అడగనూ లేదు.

ఆ చుట్టాలు కాటారం వైపు నుంచి వస్తున్న ప్రేమ్‌సింగ్, అతని వాళ్ళు. ప్రేమ్‌సింగ్ కొడుక్కు మంగీలాల్ కూతురు రామిని ఖాయం చేసుకోవడానికి ఆ రోజే వస్తున్నారు. మంగీలాల్ తప్ప తండాలో ఎవరూ వాళ్ళను చూసి ఎరగరు. ఖాయం కావడమంటే తండాలో బెల్లం తినడమే. అబ్బాయి తరఫువాళ్ళు తెచ్చిన బెల్లం పెద్దల ఎదుట పంచుకు తింటే మాట అయిపోయినట్టే. ఆ తర్వాత వెనక్కి తీసుకోవడం లేదు.

ఇవేవీ తెలియని జోసెఫ్ బండి తండాలోకి తిరిగింది. మంగీలాల్ అప్పుడే పెరుగు కోసం మోటార్ సైకిల్ మీద పోయాడు. ఇంటి ముందున్న వాళ్ళకు కనిపించిందల్లా పూలదండ వేసిన కొత్త బండి, వెనక తలపాగాతో ఒక పెద్దమనిషి, బెల్లం బుట్టలు, విందుకు పనికొచ్చే మేక. నలుగురు గుమిగూడగానే డప్పులవాళ్ళ చేతులు ఊరుకోలేదు. డప్పు మోగేసరికి తండా మొత్తం కదిలింది. పెంటయ్యను చేతులు పట్టి దించి, కాళ్ళకు నీళ్ళిచ్చి, మంచం మీద కూర్చోబెట్టారు.

"బండి అమ్మవోతే గింత మర్యాద నేనేడ జూడలే," అన్నాడు పెంటయ్య జోసెఫ్‌తో, కాళ్ళు చాపుకుంటూ.

మంగీలాల్ తల్లి జమ్లీ ఎదురుగా వచ్చి కూర్చుంది. "బెల్లం తెచ్చిన్రా?"

బెల్లం గురించి అడిగినవాళ్ళకు రుచి చూపించకుండా పెంటయ్య నలభై ఏళ్ళలో ఒక్కనాడూ ఊరుకోలేదు. "తెచ్చిన అవ్వా. జర నోట్లె ఏసుకొని చెప్పు," అని ఒక ముద్ద పగలగొట్టి ముందు ఆమెకు, తర్వాత చుట్టూ ఉన్న పెద్దలందరికీ పంచాడు. అందరూ తిన్నారు. డప్పు ఇంకా పెద్దగా మోగింది. లోపలి గుమ్మంలోంచి రామి చేతులూపుతూ ఏదో అరిచింది.

"ఆ పిల్ల ఏదో అంటున్నది," అంది శ్రీలత.

"బండి నచ్చినట్టుంది," అన్నాడు జోసెఫ్, విజయకు ఏసీ తిప్పి చూపిస్తూ.

సరిగ్గా అప్పుడే ఇద్దరు మగవాళ్ళు మేకను విప్పి వేపచెట్టు వైపు నడిపించారు. "నా మేక! ఓ నాయినా, నా మేకనెటు తీస్కవోతున్రు!" అని భూదేవి దాని వెనక పరుగెత్తింది. ఆ గొడవకు డప్పు ఆగింది. ఆగిన నిశ్శబ్దంలో రామి గొంతు స్పష్టంగా వినిపించింది. "వీళ్ళెవ్వరో నాకెర్కలేదు! ఆ పిలగాని ఫోటో నేను చూసిన. గీల్లల్ల లేడు!"

అందరూ బెల్లం అంటిన వేళ్ళతో అలాగే ఉండిపోయారు.

అదే నిమిషంలో అద్దె కారొకటి వచ్చి ఆగింది. ఐదుగురు పట్టే కారులోంచి ఎనిమిది మంది దిగారు. చివర దిగిన ప్రేమ్‌సింగ్ ఒడిలో బెల్లం గంప ఉంది. ఎండకు కరిగిన బెల్లం అతని తెల్ల పంచెను పట్టుకుని వదలడం లేదు. వెనకే పెరుగు డబ్బాతో మంగీలాల్ వచ్చాడు.

"యాడీ, ఎవరి బెల్లం తిన్నవే?" అన్నాడు తల్లితో.

"గీ పటక సుట్టుకున్న పెద్దమనిషి ఇచ్చిండు."

ప్రేమ్‌సింగ్ ముఖం మాడిపోయింది. "నూట యాభై కిలోమీటర్లు ఒళ్ళె గంప పెట్టుకొని వస్తే, మీరు ఎవని బెల్లమో తిని కూసున్నరా? పాండ్రా, ఎనుకకు పోదం!"

రామి గుమ్మంలోనే కూలబడింది. మంగీలాల్ పెరుగు డబ్బా కింద పెట్టి జోసెఫ్ మీదికి వచ్చాడు. "అన్నా, బండి జూపియ్యమంటే నా బిడ్డ పెండ్లి చెడగొడ్తవా? ఫారం లేదు, గీరం లేదు. తీస్కపో నీ బండి!"

జోసెఫ్ కళ్ళ ముందు బీరువా కనిపించింది. "అన్నా, నేను... మామ బెల్లం... కిరాణం బందున్నది..." వాక్యం ఎక్కడ మొదలుపెట్టినా పెంటయ్య దగ్గరే ఇరుక్కుంటోంది. పెంటయ్య మాత్రం బుట్ట మీద గుడ్డ సర్దుతూ, "బెల్లం మంచిదే గద?" అన్నాడు.

రామి మెల్లగా లేచి వచ్చి నాయనమ్మ చెవిలో ఏదో చెప్పింది. జమ్లీ వేళ్ళు నాకి, కర్ర నేలకు కొట్టింది.

"ఆగుండ్రి. పిలగాడు లేకుంట వచ్చిన బెల్లం పిల్లకు చెల్లదు. గీ బెల్లాన్ని తెచ్చింది బండి. తిన్న మాట బండికే చెల్లుతది. మంగ్యా, బండి తీస్కో. ప్రేమ్‌సింగ్, నీ గంప దించు. నీ బెల్లం నీ పిలగానికి."

తండా పెద్దలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తిన్న బెల్లం ఎక్కడో ఒకచోట చెల్లాలి కాబట్టి అందరికీ అది న్యాయంగానే తోచింది. మంగీలాల్ తల గోక్కుని, బండి చుట్టూ తిరిగాడు. రేకు నిండా మేక గిట్టల గీతలు, మూలల్లో కరిగిన బెల్లం, మిగిలిన సగం దండ.

"కొత్తది తెప్పిస్త అన్నా, గీతల్లేకుంట," అన్నాడు జోసెఫ్ గబగబా.

"కొత్తది నాకెందుకు? మాటిచ్చింది దీనికి."

ప్రేమ్‌సింగ్ గంప దించి, పంచె విదిలించి, ఆ ట్రాలీని చాలాసేపు చూశాడు. ముందు మెత్తటి సీటు, వెనక గంపకు చోటు. "వియ్యంకునికి ఉండి నాకు లేకుంటె ఎట్ల? నాకూ ఒకటి రాయి." అతనితో వచ్చిన బావమరిది ఇంకొకటి రాయమన్నాడు. తండావాళ్ళు ఇద్దరు వాళ్ళకు తీసిపోదలుచుకోలేదు. తెచ్చిన ఫారం ఒక్కటేనని గుర్తొచ్చి జోసెఫ్ జేబులు తడుముకున్నాడు. శ్రీలత సంచిలోంచి ఆరు జిరాక్సు కాపీలు తీసింది.

భూదేవినీ మేకనూ డప్పులవాళ్ళనూ దించి, నర్సింహులపేట కిరాణంలో మిగిలిన బెల్లం ఇచ్చి, పెంటయ్యను తొర్రూరులో వదిలి, నాలుగు కొట్టేసరికి వాళ్ళు జనగామలో ఉన్నారు. మేనేజరు గీతలు చూసి నోరు తెరిచాడు. ఐదు ఫారాలు చూసి మూసుకున్నాడు. పెద్దసారు తన కాగితంలో ఒకే ప్రశ్న చూపించాడు. ఈ బండి ఎవరు కొంటారు? జోసెఫ్ కాగితాన్ని భార్య వైపు జరిపాడు. శ్రీలత పెన్ను తీసుకుని రాసింది: "ఖాళీగా పోయే బండిని పోనివ్వని ఊళ్ళలో, ముందు సీట్లో మర్యాదగా కూర్చోవాలనుకునే ప్రతి ఒక్కరూ."

పెద్దసారు అది రెండుసార్లు చదివాడు. జోసెఫ్ భుజం తట్టాడు. "కాటారం దాకా బుకింగ్ తెచ్చావంటే మామూలు విషయం కాదు. అటువైపు ఈ బండికి చాలా గిరాకీ ఉంది. నీలాంటివాడు ఇక్కడ ఉండకూడదు. వచ్చే సోమవారం నుంచి భూపాలపల్లి బ్రాంచికి నువ్వే ఇన్‌చార్జివి."

జోసెఫ్ భార్య వైపు తిరగలేదు. తిరిగే ధైర్యం ఆదివారం దాకా రాలేదు. ఆ రోజు మేనేజరు సామాను కోసం అదే రకం బండిని ప్రేమగా ఇంటికి పంపాడు. శ్రీలత అన్న మాట తప్పలేదు. ఒక్క గిన్నె ముట్టుకోలేదు. వెనక రెండడుగులు బయటికి పొడుచుకొచ్చిన బీరువాకు ఎర్రగుడ్డ మాత్రం కట్టి, చేతిసంచితో భూపాలపల్లి బస్సెక్కింది.

ఐదో సొట్ట పరకాల దాటాక పడింది.